అగ్గిపెట్టె ఎత్తు

ఆయన పోయిన కబురు నాకు కువైట్ నుంచి వచ్చింది. ఆయనది రాజోలు దగ్గర పల్లె, నాది రాయచోటి దగ్గర పల్లె. ఇద్దరం ఒకే రాష్ట్రంలో ఇన్నేళ్ళు ఉన్నాం, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. పోయిన వారం నూరా ఫోన్ చేసి, "మా దరేవల్ చనిపోయాడు, నీకు తెలుసా?" అంది. డ్రైవర్‌ని అక్కడి పిల్లలు అలా అంటారు. నూరా నేను పనిచేసిన ఇంటి అమ్మాయి. ఇప్పుడు ఆమెకే పెళ్ళీడుకొచ్చిన పిల్లలున్నారు. ఆయన కొడుకు ఆమెకు చెప్పాడట, ఆమె నాకు చెప్పింది.

ఫోన్ పెట్టేశాక ఆయన ముఖం గుర్తు తెచ్చుకుందామని చూశాను. సరిగా రాలేదు. మీసం ఉండేదని తెలుసు, ఎలాంటి మీసమో తెలియదు. గుర్తొచ్చిందల్లా ఆయన నేల మీద వంగిన తీరు. మోకాళ్ళ మీద కూర్చుని, చెంప గచ్చుకు ఆనించి, ఒక కన్ను మూసి, నడుము పైకెత్తి, అలాగే ఉండిపోయేవాడు. తెలియని వాళ్ళు చూస్తే పోయిన ఉంగరం వెతుకుతున్నాడనుకుంటారు. ఆయన చూసేది చక్రాన్ని. ఏ చక్రమైనా సరే, అది నేరుగా నడుస్తోందా లేదా అన్నది తేలేదాకా ఆయనకు మనసు నిలిచేది కాదు.

నేను ఆ ఇంట్లో పనికి చేరిన కొత్తలో ఒకరోజు వెనక వాకిలి కడుగుతున్నాను. ఆయన వచ్చి గడప దగ్గర విడిచిన నా చెప్పులు తిరగేసి చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏందన్నా, ఆడోళ్ళ చెప్పులు అట్ల తిప్పి సూస్తాండావు?"

"ఎడం చెప్పు లోపలేపు అరిగిపోయిందండి. బరువంతా అటేపు ఏసి నడుత్తున్నారు. ఇలాగే ఉంటే నాలుగేళ్ళకి మోకాలు పట్టేత్తాది, ఆయ్."

మా పక్క అండీ అంటే తాసీల్దారునో డాక్టరునో అనే మాట. చీపురు చేతబట్టుకున్న నన్ను అండీ అనేసరికి ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన కారుతో కూడా అలాగే మాట్లాడతాడని. పొద్దున్నే తాళం తిప్పుతూ, "లేవండి బాబూ లేవండి, పిల్లలకి బడి టయమైపోతంది" అనేవాడు. నా మోకాలు నిజంగానే పట్టేసింది. కాకపోతే నాలుగేళ్ళకు కాదు, ఇరవై ఏళ్ళకు.

ఆయనతో జమియాకు పోవడం ఇంకో ఇబ్బంది. జమియా అంటే పేటలో అందరూ సరుకులు కొనుక్కునే పెద్ద అంగడి. వరసలోంచి ఒక తోపుడు బండి లాగి, నాలుగడుగులు తోసి, చేతులు వదిలేసి చూసేవాడు. అది పక్కకు పోతే వెనక్కి పెట్టేసి ఇంకోటి లాగేవాడు. వెనక నిలబడ్డ వాళ్ళు త్వరగా కానిమ్మంటూ యల్లా యల్లా అని అరిచేవాళ్ళు.

"ఉల్లిగడ్డలకు యా బండి అయితే ఏందన్నా?" అన్నాను ఒకసారి.

"ఉల్లిపాయలకేముందండి. అడ్డంగా లాగే బండి తోత్తా ఉంటే నాకు పళ్ళు నూరుకుంటాయి."

ఆయన బీడీ, సిగరెట్టు ముట్టడు. అయినా చొక్కా జేబులో ఎప్పుడూ అగ్గిపెట్టె ఉండేది. తలుపు సందు ఎంతుందో, టైరు ఎంత అరిగిందో, రొట్టె ఎంత మందం ఉందో, అన్నిటికీ దాన్నే ఆనించి చూసేవాడు.

ఇల్లు ఒమరియా పేటలో, ఫర్వానియాకు ఆనుకుని ఉండేది. ఇంట్లో నలుగురు. ఇంటావిడను మేం మామా అనేవాళ్ళం, ఆమె భర్తను బాబా అనేవాళ్ళం. వాళ్ళకు పన్నెండేళ్ళ నూరా, ఐదేళ్ళ కొడుకు. వాణ్ణి నేను చిన్నోడనే పిలిచేదాన్ని. బాబా సైన్యంలో ఆఫీసరు. ఇరాక్ వాళ్ళు వచ్చిపడిన రోజు తెల్లారకముందే ఫోన్ మోగితే యూనిఫాం తొడుక్కుని పోయాడు. ఆ పోవడం పోవడమే. బతికున్నాడో లేదో చెప్పే దిక్కు లేదు. బాబా లేకుండా కదలనని మామా ఇంట్లోనే ఉండిపోయింది.

సైనికులు కనబడిన కారునల్లా పట్టుకుపోతున్నారని తెలిసి, మా డ్రైవరు మామా కారుకు నాలుగు చక్రాలూ ఊడదీశాడు. కింద ఇటుకలు పేర్చి కారును వాటి మీద నిలబెట్టాడు. చక్రాలు ఎక్కడ దాచాడో మామాకు కూడా చెప్పలేదు. "తెలిత్తే సెప్పాల్సొత్తాది మామా, తెలీకపోతే ఏడిత్తే సరిపోద్ది" అన్నాడు. మమ్మల్ని, అంటే ఇండియా వాళ్ళను, సైనికులు అంతగా పట్టించుకునేవాళ్ళు కారు. అందుకని రొట్టెలకూ, నీళ్ళకూ ఆయనే నడిచి పోయి వచ్చేవాడు. మిగిలిన పొద్దంతా నడపడానికి కారు లేక, కూర్చోవడానికి చేతకాక, ఇల్లంతా తిరిగేవాడు.

ఆ ఇంట్లో అసలు భయం నూరా. పేటలోని పోలీస్ స్టేషన్ ఇరాక్ సైనికుల చేతిలోకి పోయింది. దాన్ని అక్కడ మఖ్ఫర్ అంటారు. మొగుడి కోసం, కొడుకు కోసం అడగడానికి అక్కడికి పోయిన వాళ్ళలో కొందరు వెనక్కి రాలేదని ఇరుగుపొరుగు చెప్పుకునేవాళ్ళు. ఇంకొందరి ఇళ్ళకు సైనికులే వెతుక్కుంటూ వచ్చారట. ఆఫీసరు ఇల్లు ఇదని తెలిస్తే ఏమవుతుందో పెద్దవాళ్ళకు తెలుసు. పన్నెండేళ్ళ పిల్లకు ఎలా ఎక్కుతుంది? "నేను పోయి బాబా ఎక్కడని అడుగుతాను. చిన్నపిల్లని, నన్నేం చేస్తారు?" అని రోజూ గేటు దగ్గరికి పరుగు. ఒకసారి వీధి మలుపు దాకా పోతే నేను జుట్టు పట్టుకుని లాక్కొచ్చాను. గేటుకు తాళం వేస్తే గోడెక్కింది.

అది గోడ మీద కూర్చుని ఉండగా ఆయన కింద పండ్ల పెట్టె విరగ్గొడుతున్నాడు. దేవదారు చెక్క, తేలిగ్గా ఉంటుంది. చిన్నోడికి బొమ్మకారు చేద్దామని మొదలుపెట్టాడు. పిల్లలతో ఆయన మాట్లాడేది విరిగిన అరబ్బీ. ఆ అరబ్బీలో కూడా రాజోలు వినబడేది, కాబట్టి ఆ మాటలు కూడా తెలుగులో అలాగే రాస్తున్నాను.

"నూరా, దిగు. పందెం ఏద్దాం."

"ఏం పందెం?"

"నువ్వొక సెక్కబండి సెయ్యి, నేనొకటి సేత్తాను. నీది నాదాన్ని గెలిసిన రోజున నేనే నిన్ను మఖ్ఫర్‌కి తీసుకెల్తాను. అందాకా గేటు దాటకూడదు, గోడెక్కకూడదు."

అది గోడ మీదనుంచే వంగి ఆయన ముఖం చూసింది. "మాట తప్పవు కదా?"

"తప్పను."

దిగింది. బండ్లతో పుట్టి పెరిగిన మనిషిని పన్నెండేళ్ళ పిల్ల ఎక్కడ గెలుస్తుందని ఆయన ధీమా. నాదీ, మామాదీ కూడా అదే ధీమా.

ఆ ఇంట్లో దివానియా అని మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే పెద్ద గది ఉంది. ఇప్పుడు వచ్చే మగవాళ్ళు లేరు. తివాచీలు చుట్టి మూలన పెట్టాం. ఆయన అలమర తలుపులు రెండు ఊడదీసి, ఒక కొస సోఫా మీద, ఇంకో కొస నేల మీద పెట్టి పక్కపక్కన రెండు వాలు దారులు చేశాడు. బండి పక్కకు పడిపోకుండా ఒక్కో తలుపు నడిమధ్యన పొడుగునా సన్నటి బద్ద కొట్టాడు. బండి ఆ బద్దను తన కడుపు కింద పెట్టుకుని జారాలి. వాలు దిగాక పాలరాతి నేల మీద ఎదుటి గోడ దాకా పరుగెత్తాలి. గోడకు ముందు ఏది తగిలితే అది గెలిచినట్టు.

బండి అంటే జానెడు చెక్క, నాలుగు మేకులు, నాలుగు చక్రాలు. చక్రాలకు నేను నేల తుడిచే కర్రను బిళ్ళలుగా కోశారు. కొత్త చక్రం కావాలన్నప్పుడల్లా నా కర్ర పొట్టిదయ్యేది, నా నడుము వంగేది. చక్రం బిర్రుగా తిరగకుండా నూరా బడి పెన్సిళ్ళు చెక్కి ఆ నల్లటి పొడి మేకులకు రాసేవాళ్ళు. బడులు ఎలాగూ మూతపడ్డాయి.

ఎత్తు తేల్చడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. బండి కడుపు కిందికి ఉంటే బద్దకు రాసుకుని ఆగిపోతుంది. పైకి ఉంటే వాలు చివర కుదుపుకు బోర్లా పడుతుంది. చివరికి జేబులోంచి అగ్గిపెట్టె తీసి, పడుకోబెట్టి, బండి కిందికి తోశాడు. ఇరుక్కుంటే తక్కువ. ఊగుతూ దూరితే ఎక్కువ. రాసీ రాయనట్టు బయటికి వస్తే సరి. మేకును పైకో కిందికో జరపాలంటే పాత బెజ్జంలో అగ్గిపుల్ల దిగగొట్టి, పక్కన కొత్త బెజ్జం పొడిచేవాడు. ఏ చక్రం ఏ మూలదో దాని మీద పెన్సిలుతో అక్షరం రాసుకునేవాడు. అప్పటికి నాకు అక్షరాలు రావు. ఊడ్చేటప్పుడు నాలుగూ కలిపి గిన్నెలో వేసేశాను. ఆయన గిన్నెలోంచి అవి ఏరుకున్నాడు. మర్నాటి నుంచి అక్షరాలు మానేసి చుక్కలు పెట్టాడు.

ఎత్తు కుదిరాక చక్రాల వరస. పాలరాతి పలకల మధ్య గీత ఉంటుంది కదా, దాని మీద బండిని మెల్లగా వదిలి, తాను వెనకనుంచి చెంప నేలకు ఆనించి చూసేవాడు. ఆయన అంత ఎత్తున నడుము లేపి ఉండగా మామా గదిలోకి వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. బాబా పోయాక అదే మొదటి నవ్వు. కాసేపటికి, నవ్వినందుకు లోపలికి పోయి ఏడ్చింది.

చక్రాల దగ్గర ఆయనకు ఒక మొండితనం ఉంది. నిజం కార్లకు గ్యారేజీలో ముందు చక్రాల ముక్కులు వెంట్రుకవాసి లోపలికి వాల్చి పెడతారట. అప్పుడే రోడ్డు మీద కారు కుదురుగా పోతుందట. తన చెక్కబండికి కూడా ఆయన అలాగే పెట్టాడు. నూరాకు కార్ల సంగతేమీ తెలియదు. బండి ఎంత దూరం పోయింది, ఎటు తిరిగింది, ఇంతే చూసేది. నాలుగు మేకులూ చెక్కకు నిటారుగా దిగేదాకా పీకింది, కొట్టింది. మొదట్లో దాని బండి వాలు దిగగానే పల్టీ కొట్టేది. తర్వాత గది సగానికి వచ్చింది. ఆ తర్వాత ఆయన బండి పక్కనే పరుగెత్తసాగింది.

"నీ ముందు చక్రాలు ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి" అంది ఒకరోజు. "కబుర్లు ఆపి పరుగెత్తమను."

"లైసెన్సు తెచ్చుకున్నాక నాకు సెప్పుదువుగాని."

"లైసెన్సు ఉన్నవాడి బండి ఎందుకంత మెల్లగా పోతోంది?"

ఆయన నవ్వాడు. కానీ ఆ సాయంత్రం నూరా బండి బెత్తెడు తేడాలో ఓడిపోయింది. నవ్వింది పెదవులే అని నాకు అర్థమైంది.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు పడుకున్నారు. నేను ఊడవడానికి దివానియాలోకి పోతే ఆయన పటకారు పట్టుకుని కింద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఉన్నది నూరా బండి.

"ఏం జేస్తాండావన్నా?"

ఉలిక్కిపడ్డాడు. "ఓరి బాబోయ్. నెమ్మదండి."

"అది పాప బండి గదా. మేకు ఎందుకు వంచుతాండావు?"

"నిన్న బెత్తెడులో ఓడిందండి. ఇయ్యాల గెలుత్తాది."

"గెలిస్తే గెలవనీ, పసిబిడ్డ..." అని సగంలో ఆగిపోయాను.

"గెలిత్తే తీసుకెళ్ళాలి గదండి" అన్నాడు.

ఎడమ ముందు చక్రం మేకును పటకారుతో పట్టుకుని, చూపు తిప్పుకుని, వెంట్రుకవాసి వంచాడు. వంచాక పటకారును ప్యాంటుకు తుడిచాడు, దానికేదో అంటుకున్నట్టు.

"ఒంకర సక్రాలు సరిసేసి ఇన్నాళ్ళూ అన్నం తిన్నానండి. ఇప్పుడు సరిగ్గున్నదాన్ని ఒంకర సెయ్యాల్సొచ్చింది. ఆ పిల్ల ఎంత బాగా కొట్టిందో సూడండి ఈ మేకు. గ్యారేజీలో కుర్రోళ్ళు కూడా ఇలా కొట్టరు."

"నేనేం జెయ్యాల?"

"తలుపు కాడ నిలబడండి, ఎవరన్నా వత్తే దగ్గండి."

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు నాకదే పని. తలుపు దగ్గర ఊడ్చిన చోటే ఊడ్చేదాన్ని. పొద్దున నూరా గీత మీద వదిలితే నేరుగా పోయిన బండి, సాయంత్రం పందెంలో ఎడమకు లాగి సోఫా కాలికి కొట్టుకునేది. అది ఓపిగ్గా మేకు సరిచేసుకునేది. మళ్ళీ సాయంత్రానికి అంతే.

"మేకులు ఎండకు వంగుతాయా?" అని అడిగింది.

"మేకు కాదు, సెక్క. పచ్చి సెక్క ఆరేకొద్దీ తిరుగుద్ది."

"నీ చెక్క కూడా అదే పెట్టెలోది కదా. అది ఎందుకు తిరగదు?"

ఆయన తన బండి మీద దుమ్ము తుడవసాగాడు. నూరా తన బండిని తీసి చంకలో పెట్టుకుంది. "ఈ రోజు నుంచి ఇది నా దగ్గర పడుకుంటుంది" అని చెప్పి పోయింది. ఆయన నా వంక చూశాడు. నేను చీపురు వంక చూశాను.

పక్కలో నూరా కింద పడి నలిగిందో ఏమో, బండికి కుడి ముందు మేకు కొద్దిగా పైకి ఎగదన్నింది. నేల మీద పెడితే మూడు చక్రాలే ఆనుతున్నాయి. నాలుగోది గోరంత ఎత్తున గాల్లో ఉంది. వేరే పిల్లయితే సరిచేసేది. ఇది ముందు వదిలి చూసింది. ఎప్పటికంటే జోరుగా పోయింది. ఇక దాన్ని ముట్టలేదు.

సాయంత్రం పందెం దగ్గర ఆయన ఆ బండిని చూసి జాలిపడ్డాడు.

"కుంటి బండితో వత్తావేంటమ్మా? బండన్నాక నాలుగు సక్రాలూ నేలనుండాలి. సరిసేసుకో, ఆగుతాను."

"వద్దు. యల్లా."

వదిలారు. వాలు దిగేసరికే నూరా బండి ముందుంది. పాలరాతి మీద గీత గీసినట్టు పోయి గోడకు టక్కున తగిలింది. ఆయనది ఇంకా మూడు పలకల వెనక ఉంది. చిన్నోడు చప్పట్లు కొట్టాడు. ఇంకెవరూ కొట్టలేదు. నూరా ఎగరలేదు, అరవలేదు. బండిని చేతిలోకి తీసుకుని, "రేపు ఎన్ని గంటలకు పోదాం?" అంది.

"గాల్లో ఉన్న సక్రం తిరగదు, రాసుకోదు. ఆ మేరకి జోరు మిగులుద్ది" అని తర్వాత ఆయనే నాకు విడమరిచి చెప్పాడు. "నాలుగు సక్రాల బండిని మూడింటి మీద నడపాలని డ్రైవరన్నోడికి తోచదండి. తోత్తే లైసెన్సు పీకేత్తారు."

మర్నాడు పొద్దున ఆయన చొక్కా తానే ఇస్త్రీ చేసుకున్నాడు. ఆయన నిజంగానే పోబోతున్నాడని మామాకు అప్పుడే తెలిసింది.

"నీకు పిచ్చి పట్టిందా? అది పిల్లల ఆట."

"నేను ఎల్లకపోతే రేపట్నించి నా మాట ఇనదు మామా. గోడ దూకుద్ది. అప్పుడెవరం ఆపగలం?"

మామా నూరాను మాత్రం పంపేది లేదంది. గదిలో పెట్టి గడియ వేసింది. లోపలనుంచి నూరా తలుపు గుద్దుతోంది. "నన్ను తీసుకుపోతానన్నావు! మాట తప్పనన్నావు!"

ఆయన తలుపు దగ్గరికి పోయి, "ముందు నేను దారి సూసొత్తాను" అన్నాడు.

నేను గేటు దాకా పోయాను. "పసిబిడ్డతో పందెం అన్నా. ఆ వీధి చివర దంకా పోయి తిరిగొచ్చి, అడిగినానని చెప్తే ఏమైతాది?"

"నా మొహం సూత్తే తెలిసిపోద్దండి దానికి. సెక్క తిరిగిందన్నప్పుడే పట్టేసింది" అని పోయాడు.

ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. మామా నమాజు మీద నమాజు చేసింది. నూరా తిండి ముట్టలేదు, తలుపు కూడా కొట్టలేదు. ఆ పై రోజు పొద్దెక్కాక వెనక గేటు కదిలితే పోయి తీశాను, ఆయనే. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది. కుడిచేతి వేళ్ళు రెండింటికి గుడ్డ చుట్టి ఉంది. చేతికి గడియారం లేదు.

మెట్టు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. బాబా డ్రైవర్నని చెప్పి, నా కాగితాలు ఆయన దగ్గరున్నాయి, ఆయన ఎక్కడున్నాడని అడిగాడట. వాళ్ళు అది వదిలేసి ఇల్లు ఎక్కడ, పెళ్ళాం పిల్లలు ఎక్కడ అని మొదలుపెట్టారు. సౌదీ పోయారు, ఇంటికి తాళమేశారు అన్నాడు. ఏ ఇల్లు అంటే ఊరి అవతల ఇంకో పేట పేరు చెప్పాడు. రాత్రంతా ఉంచుకుని కొట్టి, ఇండియావాడు కదాని వదిలేశారు. వెనక ఎవరైనా వస్తారేమోనని తిన్నగా ఇంటికి రాలేదు. అబ్బాసియా పేటకు పోయి తన ఊరివాళ్ళ గదిలో ఒక రోజు ఉండి, ఎవరూ వెంట లేరని చూసుకుని వచ్చాడు.

నూరా వచ్చి ఎదురుగా నిలబడింది.

"బాబా గురించి ఏం చెప్పారు?"

ఆయన ఏదో ఒక మంచి మాట చెబుతాడని నేను అనుకున్నాను. నేనైతే చెప్పేదాన్ని.

"ఏం సెప్పలేదు. ఉన్నాడనలేదు, లేడనలేదు."

"అంతేనా?"

"అంతే."

"నిన్ను బాగా కొట్టారా?"

"సూత్తున్నావు గదా."

అది ఆయన వేళ్ళకున్న గుడ్డ వంక చూస్తూ ఉంది. ఆయనే మళ్ళీ అన్నాడు. "నిన్ను తీసుకెళ్ళలేదు కాబట్టి నా మాట ఇంకా తీరలేదు. మళ్ళీ గెలువు. ఈసారి ఇద్దరం ఎల్దాం." మామా అది విని, చేతిలోని గ్లాసు నేల మీద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

పిల్ల పోయాక నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. "ఎందుకన్నా అట్ల చెప్తివి? పందెం ఖలాస్ అంటే పోయేది గదా."

"ఖలాస్ అంటే రేపు ఒక్కతే ఎల్లుద్దండి. పందెం ఉంటేనే ఇంట్లో ఉంటది."

"ఇప్పుడు పాపే గెలుస్తాది. నీ చేత్తో పటకారు కూడా పట్టలేవు."

ఆయన ఆ వేళ్ళను చూసుకున్నాడు. "మీరు వంచగలరా?" అన్నాడు.

బాబా యుద్ధం ముగిశాక ఖైదీలతో పాటు తిరిగి వచ్చాడు. అది అప్పుడు మాకెవరికీ తెలియదు. నేను కూడా ఆ పందెం రోజుల తర్వాత ఎక్కువ కాలం అక్కడ లేను. ఇండియా వాళ్ళను బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు చేర్చే బస్సులు కదిలినప్పుడు మా వైపు వాళ్ళతో ఎక్కేశాను. రమ్మంటే ఆయన రాలేదు. "కారు ఇటికెల మీదుందండి, సక్రాలు నాకు తప్ప ఎవరికీ దొరకవు" అన్నాడు. బస్సు ఎక్కేముందు ఆ ఇంట్లో గడిచిన రోజుల్లో, ఆయన మఖ్ఫర్ నుంచి తిరిగొచ్చిన మర్నాటి సంగతి ఒక్కటి చెప్పాలి.

ఆ పొద్దున నూరా తన బండిని గదికి తీసుకుపోలేదు. దివానియాలో కిటికీ కింద, ఆయన బండి పక్కనే వదిలి పోయింది. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక నేను పటకారును పైటలో దాచుకుని బయలుదేరాను. ఏ మేకు, ఎటువైపు, ఎంత వంచాలి, ఆయన చెప్పినదంతా మనసులో అనుకుంటూ పోయి తలుపు తోశాను.

నూరా లోపలే ఉంది. మోకాళ్ళ మీద వంగి, చెంప పాలరాతికి ఆనించి, ఒక కన్ను మూసుకుని, తన బండి చక్రాన్ని చూస్తోంది. చేతిలో కత్తెర. దాని పిడితో ఎడమ ముందు మేకును పక్కకు నొక్కుతోంది. మేకు వంగడం లేదు, కత్తెర జారిపోతోంది. గాల్లో ఉన్న నాలుగో చక్రాన్ని అప్పటికే కిందికి దించేసింది.

నన్ను చూసి లేచి కూర్చుంది. నా పైటలోంచి బయటికి వచ్చిన పటకారును చూసింది. అది చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు."

ఇచ్చాను. మేకును పట్టి, వెంట్రుకవాసి వంచి, గీత మీద బండిని వదిలి చూసుకుంది. బండి ఎడమకు తిరిగింది. మళ్ళీ తెచ్చి కిటికీ కింద ముందున్న చోటే పెట్టి, పటకారు నా చేతికిచ్చి, పడుకోవడానికి వెళ్ళిపోయింది.

సాయంత్రం పందెం జరిగింది. ఆయన ఎడమ చేత్తో తన బండిని వదిలాడు. నూరా తనదాన్ని వదిలింది. ఆయనది కుదురుగా పోయి గోడకు తగిలింది. నూరాది వాలు దిగి, నాలుగు పలకలు దాటకముందే పక్కకు లాగి సోఫా కిందికి పోయింది.

ఆయన ఆ బండిని బయటికి తీశాడు. తెరుచుకుని ఉన్న ఒక్క కన్నుతో చక్రాల వంక చూశాడు. నా వంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడు నూరా వంక చూశాడు.

"ఎడమకి లాగుతోందమ్మా" అన్నాడు. "నేను సూసి సెప్తాను, నువ్వు కొట్టు. సరిసేద్దాం."

"వద్దు" అంది నూరా. "నాకు ఇలాగే బాగుంది."